మూర్ఛ చూశారు, నాడి చూశారా?

ఫిట్స్ వచ్చిన మనిషిని ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని వచ్చే కుటుంబాలు మాకు కొత్త కాదు. మౌలాలి గుట్ట కింది ఇళ్ల నుండి, హౌసింగ్ బోర్డు కాలనీ నుండి, రైల్వే క్వార్టర్ల నుండి వస్తుంటారు. ఎంతసేపు వచ్చింది అని అడుగుతాం. "చాలాసేపు సిస్టర్" అంటారు. గడియారం ఎవరూ చూసి ఉండరు. చేతిలో తాళాల గుత్తి పెట్టామని, ఉల్లిపాయ వాసన చూపించామని మాత్రం వివరంగా చెబుతారు. ఆ తరువాత దాదాపు అందరూ అనే మాట ఒకటుంది. "గుండె దడదడ కొట్టుకుంది సిస్టర్, చెయ్యి వేస్తే తెలిసిపోయింది. ఇది గుండె జబ్బేమో!"

ఈ మాట గురించే ఈసారి రాయాలనుకున్నాం.

మూర్ఛ పుట్టేది మెదడులో. మెదడులోని కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్తును వెదజల్లితే అది ఫిట్. గుండె వేగాన్ని పెంచే నరాలకు, తగ్గించే నరాలకు ఆజ్ఞలు ఇచ్చేది కూడా ఆ మెదడే. కనుక ఫిట్ వచ్చినప్పుడు గుండె వేగం పెరగడం వింత కాదు. ఎక్కువ మందిలో జరిగేది అదే. నిమిషానికి 80 ఉన్న నాడి 120, 140 దాకా వెళుతుంది. కొందరిలో చేతులు కొట్టుకోవడానికి కొన్ని క్షణాల ముందే నాడి పరుగెత్తుతుంది. ఈ సంగతి ఆధారంగానే, గుండె వేగం పెరగడాన్ని పసిగట్టి మెడలోని వేగస్ నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరం 2015లో అమెరికాలో అనుమతి పొందింది. ఫిట్ తగ్గాక దడ కూడా చాలావరకు దానంతట అదే దిగుతుంది.

ఇది తెలియక ఒక కుటుంబం ఏం చేసిందో చెబుతాం. దడ చూసి భయపడి, ఇది ఫిట్స్ కాదు, గుండె జబ్బే అని నిశ్చయించుకున్నారు. ఎకో తీయించారు, ఇంకేవో పరీక్షలు చేయించారు, అప్పు కూడా చేశారు. ఈలోగా ఫిట్స్ మాత్రలు ఆపేశారు. నెల తిరగకుండానే ఆ అమ్మకు పొయ్యి దగ్గర ఫిట్ వచ్చి చెయ్యి కాలింది. మాత్ర హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఇంకా గట్టిగా వస్తాయని వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

ఇంకో కారణం కూడా మాకు తెలుసు. పెళ్లి కావలసిన పిల్లకు "గుండె నీరసం" అని చెప్పుకోవడం సులువు, మూర్ఛ అని చెప్పుకోవడం కష్టం. హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చెప్పిన మాటను 1999లోనే తీసేశారు. మన ఇళ్లలో నుండి అది ఇంకా పోలేదు. ప్రార్థన చేయించుకోండి, మేమూ చేస్తాం. డాక్టరు దగ్గర మాత్రం జబ్బు పేరు దాచకండి.

అలాగని గుండెను పట్టించుకోవద్దు అనడం లేదు. మేము ఎక్కువ భయపడేది దడకు కాదు, దానికి వ్యతిరేకమైన దానికి. అరుదుగా కొందరిలో ఫిట్ నడుమ నాడి మందగిస్తుంది, కొన్ని సెకన్లు ఆగిపోతుంది కూడా. 1906లోనే రస్సెల్ అనే వైద్యుడు ఫిట్ మొదట్లో నాడి అందకపోవడాన్ని గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. నూరేళ్లు దాటింది. మా చార్టుల్లో ఇప్పటికీ "ఫిట్స్, 1 నిమిషం" అని రాసి సంతకం పెడుతున్నాం.

ఏళ్ల క్రితం మేము పనిచేసిన ఒక వార్డులో ఒకామె ఉండేది. ఊరికే ఒకవైపు చూస్తూ పెదవులు చప్పరించేది, చీర కొంగు నలిపేది, తరువాత తెల్లబడి ఒక్కసారి వాలిపోయేది. రెండుసార్లు అలాగే రాసి ఊరుకున్నాం. మూడోసారి సాయంత్రం నాడి చూస్తున్న ఒక విద్యార్థిని వేళ్లు ఆమె మణికట్టు మీదే ఉన్నాయి. "సిస్టర్, నాడి లేదు" అని ఆ పిల్ల అరిచిన అరుపు మాకు ఇంకా గుర్తుంది. కొన్ని సెకన్లకు నాడి తిరిగి వచ్చింది. పెద్ద ఆసుపత్రికి పంపాం. అక్కడ ఇ.ఇ.జి., ఇ.సి.జి. కలిపి తీసి, మందులు మార్చి, పేస్‌మేకర్ పెట్టారు. ఆ పిల్ల వేళ్లు అక్కడ లేకపోతే ఆ మూడోది కూడా "1 నిమిషం" అయ్యేది.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. గుండె లయ తప్పి, మెదడుకు రక్తం అందక పడిపోయి, చేతులు కాళ్లు కొట్టుకునే వాళ్లూ ఉన్నారు. అది చూడడానికి ఫిట్‌లాగే ఉంటుంది, కాని ఫిట్స్ మందుకు తగ్గదు. అందుకే మొదటిసారి ఫిట్ వచ్చిన ప్రతివారికీ ఒక ఇ.సి.జి. తీయాలని మేము గట్టిగా అంటాం. పట్టేది అయిదు నిమిషాలు. మీ వాళ్లకు తీయకపోతే మీరే అడగండి. ఏమీ అనుకోం.

ఇంటి దగ్గర మీరు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టకండి. కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి చూడండి. మూర్ఛ ఉన్నవారిలో హఠాత్తుగా సంభవించే మరణాలు అరుదు, ఏడాదికి పెద్దలలో వెయ్యికి ఒకరు. ఆసుపత్రుల్లో పరిశీలనలో ఉండగా జరిగిన అలాంటి మరణాలపై 2013లో వచ్చిన అధ్యయనంలో, ఫిట్ అయ్యాక మొదట ఊపిరి ఆగి, ఆపైన గుండె ఆగినట్టు తేలింది. చాలామంది బోర్లా పడి ఉన్నారు. మాత్రలు తప్పకుండా వేసుకోవడం, ఫిట్ తరువాత పక్కకు తిప్పి కనిపెట్టుకుని ఉండడం ఇందుకే. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగకముందే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయండి.

2020లో కరోనా వచ్చినప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఉంది. చెయ్యి కొట్టుకుంటుండగా పెడితే అది తప్పు అంకెలు చూపుతుంది. కదలిక ఆగాక పెట్టి, నాడి అంకె ఒక కాగితం మీద రాసుకోండి. మనిషి ఎర్రబడ్డాడా, తెల్లబడ్డాడా, బిగుసుకున్నాడా, వాలిపోయాడా అన్నది కూడా రాయండి. ఇంట్లో ఇంకొకరుంటే సెల్‌ఫోన్‌లో వీడియో తీయమనండి. అది చూపిస్తే డాక్టరుగారికి సగం పని తగ్గుతుంది.

మా వంతుగా ఫిట్స్ చార్టులో నాడికి ఒక గడి కొత్తగా గీయించాం. మొదటి వారం తిరగేసి చూస్తే సగం గడులు ఖాళీగానే ఉన్నాయి. రాత్రి డ్యూటీ వాళ్లతో మాట్లాడాం. మళ్లీ మాట్లాడతాం.