స్వర్గంలో పియానో

అమెరికాలో 1861–65 నాటి అంతర్యుద్ధం ఆరు లక్షలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. కన్నకొడుకును కడసారి చూడనైనా నోచుకోని తల్లికి, బోధకులు వర్ణించే నిత్యస్తోత్రాల స్వర్గం ఏపాటి ఊరట నీయగలదు? 1868లో ఎలిజబెత్ స్టూవర్ట్ ఫెల్ప్స్ ‘ది గేట్స్ అజార్’ అనే నవలలో ఆ స్వర్గానికి ఇండ్లు కట్టింది; పియానో చేర్చింది; పిల్లలకు అల్లపు బిస్కత్తులను సైతం మరువలేదు! మతాచార్యులు కోపించారు. మార్క్ ట్వేన్ పరిహసించాడు. నవ్వదగిన స్వర్గమే, కాని ఏడ్చినవారు కోరినది అదే. బైబిలు మారలేదు, దానిని చదివే ఇల్లు మారింది. అయినవారు లేని స్వర్గాన్ని కాదన్న మనస్సు, వారిని నరకానికి మాత్రం ఎట్లా పంపగలదు? 2021లో ప్యూ పరిశోధన కేంద్రం విచారించగా, అమెరికనులలో స్వర్గాన్ని నమ్మేవారు నూటికి 73 మంది, నరకాన్ని నమ్మేవారు 62 మంది.