డబ్బా పాడింది!

సంగీతం నేర్చుకోవాలన్న సరదా చాలామందికి ఉంటుంది. వాద్యం ధర వినగానే ఆ సరదా సగం చచ్చిపోతుంది. జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లోనూ ఇదే ఇబ్బంది. అక్కడివాళ్ల ప్రాణం సాన్షిన్. మూడు తీగల వాద్యం. సన్నటి కర్ర మెడ, దాని చివర కొండచిలువ చర్మం బిగించిన చిన్న డొప్ప. చైనా నుంచి కొన్ని వందల ఏళ్ల కిందట వచ్చింది. అదే 16వ శతాబ్దంలో జపాన్ ప్రధాన భూభాగానికి చేరి షామిసెన్ అయింది. అక్కడ కొండచిలువలు ఎక్కడివి? పిల్లి, కుక్క చర్మాలతో సరిపెట్టుకున్నారు.

నల్లచేవ మెడ, అసలు చర్మం ఉన్న మంచి సాన్షిన్ లక్ష యెన్లు దాటిపోతుంది. మన డబ్బుల్లో యాభై వేల పైమాటే. కొన్నాక కూడా ఖర్చు ఆగదు. చలికాలం హీటరు వేసిన గదిలో పెడితే చర్మం ఎండి ఫట్‌మని చిరుగుతుంది. మళ్లీ బిగించాలంటే మరో మూట విప్పాల్సిందే!

మరి జేబులో అంత లేనివాళ్ల సంగతి? వాళ్లకోసం ‘కన్‌కరా సాన్షిన్’ ఉంది. కన్‌కరా అంటే ఖాళీ డబ్బా. చర్మం డొప్ప స్థానంలో రేకు డబ్బా పెడతారు. విడిభాగాలన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్ముతారు, ఇంటికి తెచ్చుకుని ఎవరికి వారే బిగించుకోవచ్చు. చర్మం సాన్షిన్‌తో పోలిస్తే చాలా చవగ్గా వస్తుంది. చిరిగే భయం లేదు. శబ్దం కాస్త గరగరలాడుతుంది, అంతే.

ఇదేదో పిల్లల ఆటవస్తువు అనుకుంటే పొరపాటు. దీని పుట్టుక వెనక ఓ పెద్ద ఏడుపు ఉంది.

1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ఒకినావాలో దిగాయి. జూన్ నెలాఖరుకు పోరు ముగిసేసరికి అక్కడి జనంలో దాదాపు నాలుగో వంతు మంది లేరు. ఇళ్లు లేవు. ఇళ్లలో దేవుడి పటంలా భద్రంగా దాచుకున్న సాన్షిన్లూ కాలిపోయాయి. బతికినవాళ్లను శిబిరాల్లో పెట్టారు. అక్కడ వాళ్లకు దొరికినవేమిటి? సైన్యం తిని పారేసిన డబ్బాలు, మడతమంచాల పట్టెలు, పారాచూట్ తాళ్లు. డబ్బాకు పట్టె గుచ్చారు. తాళ్లలోంచి పోగులు లాగి తీగలుగా కట్టారు. తిండికే గతిలేని చోట వాద్యం తయారైంది!

ఆ రోజుల్లో ఇషికావా ఊళ్లో ఒనహా బూటెన్ అని ఓ పళ్ల డాక్టరు ఉండేవాడు. మనుషుల్ని నవ్వించడం ఆయనకు వృత్తిని మించిన వ్యసనం. తెరుయా రిన్‌సుకే అనే కుర్రాణ్ని వెంటేసుకుని, సాన్షిన్ మోగిస్తూ ఇంటింటికీ తిరిగేవాడు. బతికి ఉన్నందుకు పండగ చేసుకుందాం రండని పిలిచేవాడు. ఇంత చావు చూశాక పండగేమిటని కసురుకున్నవాళ్లూ లేకపోలేదు. వాళ్లే కాసేపటికి కళ్లు తుడుచుకుని పాట అందుకునేవారట. ఆ కుర్రాడు తర్వాత ఒకినావా సంగీతంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఇక కొనేవాళ్లకు ఒక కిటుకు. సాన్షిన్ విలువంతా మెడలోనే ఉంది. చర్మం మారుతుంది, తీగలు మారతాయి, మెడ మాత్రం తాతనుంచి మనవడికి వస్తుంది. కాబట్టి మొదట డబ్బాతో చెయ్యి తిప్పుకుని, తర్వాత డబ్బు కూడినప్పుడు మంచి మెడ చూసుకోవడం తెలివైన పని. మధ్యేమార్గం కావాలంటే పాము పొలుసుల బొమ్మ అచ్చువేసిన కృత్రిమ చర్మం సాన్షిన్లు చవగ్గా దొరుకుతాయి. జపాన్‌లో ఉద్యోగం చేస్తూ ఇంటికి ఒకటి పట్టుకొద్దామనుకునే మనవాళ్లకూ ఇవే క్షేమం. అసలు కొండచిలువ చర్మమైతే వన్యప్రాణి నిబంధనల ప్రకారం అనుమతి పత్రం లేనిదే దేశం దాటనివ్వరు.

నేర్చుకోవడం అంత కష్టమేం కాదు. మూడు తీగలకూ పేర్లున్నాయి. లావుది మగ తీగ, సన్నది ఆడ తీగ, మిగిలింది నడిమి తీగ. మామూలు శ్రుతి మన లెక్కలో స, మ, పై స. వీణకున్నట్టు మెట్లుండవు గనక వేలు ఎక్కడ నొక్కాలో మొదట్లో తికమకే. అందుకని కొత్తవాళ్లు మెడమీద గుర్తులున్న స్టిక్కరు అతికించుకుంటారు. పాట రాసుకోవడానికి ‘కున్‌కున్‌షీ’ అనే పద్ధతి ఉంది. నిలువు గళ్లలో ఒక్కో అక్షరం. ఫలానా అక్షరానికి ఫలానా చోట నొక్కాలి, అంతే. స్వరజ్ఞానం లేకపోయినా గడిలో ఉన్నది చూసి వాయించేయొచ్చు. గోటికి బదులు చూపుడువేలికి గేదెకొమ్ముతో చేసిన తొడుగు పెట్టుకుంటారు. కొమ్ము ఖరీదనుకుంటే ప్లాస్టిక్‌దీ ఉంది.

కొత్తవాళ్లు నేర్చుకునే తొలి పాటల్లో ‘టిన్సగు ను హనా’ ఒకటి. ఆడపిల్లలు గోళ్లకు రంగు పెట్టుకునే ఓ పువ్వు పేరది. గోళ్లకు ఆ రంగు పట్టినట్టే మనసుకు అమ్మానాన్నల మాట పట్టాలన్నది ఆ పాట భావం. డబ్బామీద కూడా చక్కగా పలుకుతుంది.