జీరో టర్న్ మోవరూ, మా దొడ్లో కసువూ

మా పెదనాయన కొడుకు అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. ఎకరం స్థలం. కొన్న ఏడాదికి నాలుగు వేల డాలర్లు పోసి ఒక జీరో టర్న్ మోవర్ కూడా కొన్నాడు. అప్పట్నుంచీ మా వీడియో కాల్స్‌లో వాళ్ళ పిల్లలు కనబడటం తగ్గింది, బండి కనబడటం ఎక్కువైంది.

నేనేమన్నా తక్కువ తిన్నానా? మాకూ ఎమ్మిగనూరు దాటాక ఆదోని రోడ్డు మీద రెండున్నర ఎకరాలుంది. మా నాయన రిటైరయ్యాక అందులో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి చుట్టూ వేపచెట్లు, నాలుగు మామిడి చెట్లు, ఒక చింత. మిగతాదంతా ఖాళీ. రెండు వానలు గట్టిగా పడితే నడుము లోతు గడ్డి, గడ్డిలో పాములు. నేను బెంగుళూర్లో కూర్చుని భయపడుతుంటాను, మా నాయన అక్కడ టార్చిలైటు పట్టుకుని హాయిగా తిరుగుతుంటాడు. సరే, మనమూ ఒక బండి కొందాం అనుకుని, ఇంజినీరు బుద్ధి కదా, ఎక్సెల్ షీటు తెరిచాను. ఈ టపా ఆ షీటు గురించి, అందులో నేను పెట్టడం మర్చిపోయిన ఒక కాలమ్ గురించి.

ముందు, ఈ జీరో టర్న్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం. మామూలు బండికి ముందు చక్రాలు తిప్పితే బండి తిరుగుతుంది. దీనికి స్టీరింగ్ ఉండదు. వెనక చక్రాలు రెండింటికీ వేర్వేరు హైడ్రాలిక్ డ్రైవ్‌లు, వాటికి చెరో లివరు. రెండూ సమానంగా తోస్తే తిన్నగా పోతుంది. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ అంటే బండి బొంగరంలా ఉన్నచోటే తిరిగేస్తుంది. ముందు చక్రాలు ఆఫీసు కుర్చీ చక్రాల్లాగా ఎటు లాగితే అటు. ఇలా ఉన్నచోటే తిరిగే గడ్డి బండి ఆలోచన కొత్తదేం కాదు, మిస్సోరీ రాష్ట్రంలో మాక్స్ స్విషర్ అనే ఆయన 1949లోనే ఒకటి చేశాడు.

ఇదంతా మా నాయనకి ఉత్సాహంగా వివరించాను. ఆయన విని, "దీంట్లో ఏముందిరా? ఎలపటెద్దును నిలబెట్టి దాపటెద్దును అదిలిస్తే గుంటక కూడా అట్లే తిరుగుతాది" అన్నాడు. నిజమే. నేను డిఫరెన్షియల్ స్టీరింగ్ అని నాలుగో సెమిస్టర్లో చదివింది ఆయన పదేళ్ళ వయసులో చేశాడు.

ఇంక లెక్కలు. 42 అంగుళాల బ్లేడు డెక్కు అంటే మూడున్నర అడుగుల వెడల్పు. గంటకి 5 మైళ్ళ వేగం, అంటే 26,400 అడుగులు. గుణిస్తే గంటకి 92,400 చదరపు అడుగులు, రెండెకరాల పైచిలుకు. మలుపులకీ, వరస మీద వరస పడే చోటుకీ ఐదో వంతు తీసేస్తే 1.7 ఎకరాలు. మా అన్న ఎకరంలో ఇల్లు పోను అరగంట పని. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారం వారం కోస్తాడు, అంటే ఏడాదికి పదిహేను గంటలు వాడతాడు.

మాకు? అట్లాంటాలో కురిసే వానలో సగం పడితే మాకు మంచి సంవత్సరం. గడ్డి పచ్చగా ఉండేది జులై నుంచి నవంబరు దాకా. మహా అయితే నాలుగు కోతలు. కోతకి గంటన్నర చొప్పున ఏడాదికి ఆరు గంటలు, పదేళ్ళకి అరవై గంటలు. బండి ఖరీదు మన డబ్బుల్లో మూడున్నర లక్షలు. అంటే గంటకి దాదాపు ఆరు వేలు! ఓడలో తెప్పించే ఖర్చు ఇంకా వెయ్యలేదు. ఈ వరస చూశాక నాకే నవ్వొచ్చింది.

పైగా మా నేల నల్లరేగడి. తడిస్తే చెప్పులు కూడా వదలదు, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్ళు. ఆ చిన్న ముందు చక్రాలు పగుల్లో పడితే అంతే సంగతులు. ఇంకో సంగతి, ఇవి వారం వారం కోసే పొట్టి గడ్డి కోసం చేసిన బండ్లు. నడుము లోతులోకి తోలితే బెల్టు జారుతుంది, లేకపోతే ఇంజిన్ ఆగిపోతుంది. కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్ళకి నా సలహా: ఎకరం అటూ ఇటూ ఉండి, నేల చదునుగా ఉండి, చెట్లు ఎక్కువగా ఉంటే జీరో టర్న్ కొనుక్కోండి, చెట్ల చుట్టూ తిరగడానికి దాన్ని మించింది లేదు. వాలు ఎక్కువ ఉంటే మాత్రం వద్దు. వెనక చక్రాలు జారితే దాన్ని తిప్పడానికీ ఆపడానికీ ఇంక ఏమీ ఉండదు.

షీట్లో మిగిలినవి: ట్రాక్టరు పిలిపించి రోటవేటర్ కొట్టించడం, పవర్ వీడర్, భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్. రోటవేటర్ నేలని దున్నేస్తుంది, దున్నిన నేలలో ముందు మొలిచేది వయ్యారిభామ (పార్థీనియం). పవర్ వీడర్ సాళ్ళలో కలుపుకి మంచిది, మాకు సాళ్ళు లేవు. బ్రష్ కట్టర్ గెలిచింది. ఖర్చు, వేగం, రిపేరు, నేల, అన్నిటికీ మార్కులు వేసి కూడి చూసుకుని తెగ సంతోషపడ్డాను.

ఇప్పుడు మర్చిపోయిన కాలమ్.

మా దొడ్లోకి ఒక అత్త కసువుకి వస్తుంది. అత్త అంటే చుట్టరికం కాదు, పిలుపు. రెండు ఎనుములు (బర్రెలు) ఉన్నాయి. వానాకాలమంతా పొద్దున్నే కొడవలీ తాడూ పట్టుకుని వచ్చి, ఒక మోపు కోసుకుని పోతుంది. మేం ఇల్లు కట్టక ముందు నుంచీ వస్తోంది. అప్పట్లో కంచె లేదు, ఎనుముల్నే తోలుకొచ్చేది. మేం కంచె వేశాక కొడవలితో వస్తోంది. ఇన్నేళ్ళూ నేను దాన్ని మా నాయన మంచితనం కింద జమ వేసుకున్నాను. ఎవరి దారికి ఎవరు అడ్డం వచ్చారో ఆలోచించలేదు.

రెండేళ్ళ కిందట ఇంటి ముందర పాము కనబడిందని, నేను ఎవరినీ అడక్కుండా ఒక మనిషిని పెట్టి దొడ్డంతా కలుపు మందు కొట్టించాను. నాయన కర్నూల్లో చుట్టాలింటికి వెళ్ళి ఉన్నాడు. నాలుగో రోజు గడ్డి పసుప్పచ్చగా మారింది. అత్త వచ్చి గేటు దగ్గరే నిలబడింది.

"ఏం సామీ, కసువంతా కాలిపోయినట్లుండాదే. మందేమన్నా కొట్టించినారా?"

"అవునత్తా, పాములొస్తున్నాయని..."

"అట్లయితే ఎనుములకి పెట్టకూడదు గదా" అని, తాడు భుజాన వేసుకుని వెనక్కి పోయింది. తిట్టలేదు. నాయన వచ్చాక తిట్టాడు, అది వేరే సంగతి. ఆ ఏడు ఆమె జొన్న సొప్ప కొనుక్కుందని తర్వాత తెలిసింది. నాకు పాముల భయం తీరడానికి ఆమె డబ్బు కట్టిందన్నమాట.

మా వైపు కసువు అన్న మాటకి రెండర్థాలు. గొడ్లు తినేది కసువే, వాకిట్లో ఊడ్చి పారేసేదీ కసువే. చిన్నప్పట్నుంచీ రెండూ వాడుతున్నా ఎప్పుడూ గమనించలేదు. నా ఎక్సెల్ షీటుకి తెలిసింది రెండో అర్థం ఒక్కటే. మోవర్ కంపెనీలకి కూడా అంతే. కోసిన గడ్డిని ముక్కలు ముక్కలు చేసి అక్కడే చల్లేయడం వాళ్ళు గొప్పగా చెప్పుకునే ఫీచరు. మా అన్న పచ్చికకి అది మంచి ఎరువే. కానీ అంత చిన్న ముక్కల్ని పోగు చేస్తే గంటల్లో వేడెక్కి పులుస్తుంది, గొడ్లకి పనికిరాదు.

తమాషా ఏంటంటే, మా అన్న కోసేది బెర్ముడా గడ్డి. బెర్ముడా గడ్డి అంటే మన గరికే. ఏటా వినాయక చవితికి అరగంట కారు నడుపుకుంటూ వెళ్ళి ఇండియన్ స్టోర్లో గరికతో సహా పత్రి ప్యాకెట్ కొనుక్కొచ్చేవాడు. నేను చెప్పాక కిటికీలోంచి బయటికి చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇంకా తమాషా, అదే జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1943లో విడుదల చేసిన కోస్టల్ బెర్ముడా పశువుల మేత కోసం చేసింది. పచ్చికల కోసం చేసిన రకాలు కూడా తర్వాత ఆ కేంద్రం నుంచే వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో పచ్చికలు ఎంతున్నాయంటే, 2005లో క్రిస్టినా మిలేసీ బృందం ఉపగ్రహాల సమాచారంతో వేసిన అంచనాలో సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ అంత! అందులో ఎక్కువ భాగం గొడ్డు నోరు చూడని గడ్డే.

అక్కడది వాళ్ళ ఇష్టం, ఎవరి మేతా పోలేదు. మా ఊళ్ళ సంగతి వేరు. పోరంబోకులూ బంజర్లూ ఎట్లా కరిగిపోయాయో ఎన్.ఎస్. జోధా 1980ల్లోనే రాశాడు. ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా ఊళ్ళు చూసి, 1950ల నుంచి ఉమ్మడి భూములు ఇంచుమించు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గాయని తేల్చాడు. వాటి మీద ఎక్కువ ఆధారపడేది పేదవాళ్ళేనని కూడా. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఇప్పుడు వెంచర్లూ ప్రహరీలూ చూస్తుంటే ఆ మాటే గుర్తొస్తుంది. మా రెండున్నర ఎకరాల కంచె కూడా ఆ లెక్కలోదే.

ఇదంతా ఆఫీసులో ఒక ఫ్రెండుకి చెబితే వాడు, "అంటే ఆమె మీ దొడ్డి ఊరికే శుభ్రం చేస్తోంది, మీరు కూలీ ఎగ్గొడుతున్నారు. దీన్నే దొరతనం అంటారు" అన్నాడు. ఆలోచించాల్సిన మాటే. ఆమెకి మేత, మాకు శుభ్రం, ఇద్దరికీ లాభమే. కానీ ఇద్దరి చేతిలో ఉన్నది సమానం కాదు. నేను ఒక్క మధ్యాహ్నం బుద్ధి తక్కువై మందు కొట్టిస్తే ఆమె ఏడాది మేత పోయింది. ఆమె రావడం మానేస్తే నాకు పోయేది ఇరవై వేల మెషిన్ ఖర్చు. కాబట్టి దీన్ని మంచితనం అనకూడదు, ఒప్పందం అనాలి. ఒప్పందమైతే రెండోవాళ్ళని అడగాలి.

అడిగాను. ఆఫీసులో యూజర్‌తో ఒక్కసారి కూడా మాట్లాడకుండా రిక్వైర్మెంట్స్ రాసేవాళ్ళని తిట్టుకునే నేను, ఇంట్లో చేసింది అదే. మెషిన్ కొంటున్నానంటే అత్త బాధపడుతుందనుకున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "అది కసువుని పొడి చేస్తాదా, కోసి పడేస్తాదా?"

నా షీట్లో ఈ ప్రశ్న లేదు! బ్రష్ కట్టర్‌కి నైలాన్ దారం తగిలిస్తే గడ్డిని చితక్కొట్టి మట్టితో కలిపేస్తుంది, రాళ్ళు కూడా విసురుతుంది. ఇనప బ్లేడు తగిలిస్తే కోసి పక్కకి పడేస్తుంది, మోపు కట్టుకోవచ్చు.

"పత్తి తీసే కాలంలో నాకు తీరదు సామీ. అప్పుడు మీ మిషన్‌తో కోసి పడేయండి. ఎండినాక కట్టుకుంటా" అంది. సంక్రాంతి దగ్గర పడేసరికి వాళ్ళ వీధిలో సగం ఇళ్ళకి తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకి, సుగ్గికి పోతారు. ఆమె కొడుకూ కోడలూ పోతారు, ఎనుముల కోసం ఆమె ఉండిపోతుంది. మనవరాలు కూడా ఆమెతో ఉండిపోయి బడికి పోతుంది. ఎండు కసువు మోపులుంటేనే ఆ మూడు నెలలూ గడిచేది.

చివరికి తేలిందిది. ఇంటి చుట్టూ ఇరవై అడుగులు, గేటు నుంచి దారి, బోరు మోటారు చుట్టూ, ఇవి మెషిన్‌తో పొట్టిగా ఉంచాలి, పాములు దగ్గరికి రాకుండా. మిగతాది ఆమె కొడవలిది. వయ్యారిభామ పూతకి రాకముందే పీకేయాలి, అది మా పని, చేతికి తొడుగులు వేసుకుని. అక్టోబరు, నవంబర్లలో ఒక కోత బ్లేడుతో కోసి పడేయాలి. కలుపు మందు మాట ఎత్తకూడదు. ఎప్పుడైనా దొడ్లో ఏదైనా మార్చాలంటే ముందు ఆమెకి చెప్పాలి.

నాలుగు స్ట్రోకుల 35 సీసీ బ్రష్ కట్టర్ కొన్నాను. పెట్రోల్లో ఆయిలు కలిపే బాధ లేదు, నాయన కలపడం మర్చిపోతాడు. స్పేర్లు ఆదోనిలో దొరుకుతాయి. కొనేవాళ్ళు కళ్ళద్దాలూ, కాళ్ళకి గట్టి బూట్లూ మర్చిపోకండి, బ్లేడు గట్టి రాయికి తగిలితే మనిషినే పక్కకి తోసేస్తుంది.

మా అన్నకి ఫోటో పంపాను. "ఇంతేనా?" అన్నాడు. ఎక్సెల్ షీటు కూడా పంపాను, కొత్త కాలమ్‌తో సహా. దాని పేరు "కోసిన కసువు ఎవరికి?". జీరో టర్న్‌కి ఆ కాలమ్‌లో సున్నా వేశాను.

మీరూ ఊళ్ళో స్థలం కొని, కంచె వేసి, గడ్డికి ఏ మెషిన్ మంచిదా అని వెతుకుతుంటే, ముందు ఒక వారం పొద్దున్నే గేటు దగ్గర నిలబడి చూడండి, కొడవలి పట్టుకుని ఎవరైనా వస్తున్నారేమో. వస్తే, మెషిన్ సంగతి వాళ్ళనే అడగండి. నాకంటే బాగా చెబుతారు.