ఆర్టికల్‌ 21 సరే.. దాని వెనకున్న ప్రశ్న?

‘ఆర్టికల్‌ 21 దేని గురించి?’ అని కోచింగ్‌ హాల్లో అడిగితే చేతులన్నీ ఒక్కసారే లేస్తాయి. ‘జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ’ అని టక్కున చెప్పేస్తారు. ‘సరే, నా స్వేచ్ఛను ప్రభుత్వం ఎందుకు గౌరవించాలి? ఎక్కడిదాకా గౌరవించాలి?’ అని అడిగి చూడండి. హాలంతా నిశ్శబ్దం. మొదటి ప్రశ్నకు ఒక మార్కు ఉంది. రెండోదానికి మన చదువుల్లో చోటే లేదు.

ఎంఏ పొలిటికల్‌ సైన్స్‌ వాళ్లకు లాక్‌, మిల్‌ లాంటి పేర్లయినా తగులుతాయి. ఎంటెక్‌, ఎంబీఏ, ఎంఎస్సీ చేసేవాళ్లలో చాలామందికి అదీ లేదు. ‘ఉద్యోగానికి పనికిరాని ఫిలాసఫీ మాకెందుకు?’ అంటారా? అయితే ఒక కేసు చూడండి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌ సింగ్‌ అనే వ్యక్తిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేర హిస్టరీ షీట్‌ తెరిచారు. రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు. ఎక్కడికెళ్తున్నాడో, ఎవరిని కలుస్తున్నాడో కనిపెట్టేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. రాత్రిపూట ఇంటికి రావడం తప్పని 1962లో కోర్టు తేల్చింది. మిగతా నిఘాకు మాత్రం మెజారిటీ న్యాయమూర్తులు అభ్యంతరం చెప్పలేదు. గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు.

ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్‌ కోకా సుబ్బారావు ఉన్నారు. ఆయన ఒప్పుకోలేదు. జస్టిస్‌ జె.సి.షా ఆయనతో కలిశారు. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, ఎవరో వెంటాడి చూస్తున్నారని తెలిసిన మనసు కూడా బందీయేనని ఆయన వాదన సారాంశం. అప్పుడది ఓడిపోయిన అభిప్రాయం. 55 ఏళ్ల తర్వాత, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు మాటే నిలిచింది.

ఇక్కడ గమనించండి. 1962లో ఇరువైపులా ఉన్నవాళ్లు చదివింది అదే ఆర్టికల్‌ 21. తేడా వచ్చింది ‘స్వేచ్ఛ అంటే ఏమిటి?’ అన్న దగ్గరే. ఫిలాసఫీ అంటే అదే!

ఇతరులకు హాని జరక్కుండా ఆపడానికి తప్ప మనిషిని బలవంతపెట్టే హక్కు సమాజానికి లేదని జాన్‌ స్టూవర్ట్‌ మిల్‌ 1859లో వాదించాడు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమంది పెత్తనంగా మారుతుందని అంబేడ్కర్‌ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఈ రెండింటినీ మీ జీవితానికి పెట్టి చూసుకోండి. తొలి ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్‌ సర్టిఫికెట్లు తీసుకుని, బాండ్‌ మీద సంతకం పెట్టమంటారు. తర్వాత మానేస్తానంటే ‘సంతకం నువ్వే పెట్టావుగా’ అంటారు. నిజమే, పెట్టింది మీరే. కానీ ఇంటి దగ్గర అప్పు, చేతిలో మరో ఆఫర్‌ లేని స్థితిలో పెట్టిన సంతకం ఎంతవరకు స్వేచ్ఛ? ఆలోచించండి.

‘ముందు ఉద్యోగం రానీ, తర్వాత చూద్దాం’ అనుకోవద్దు. ఆ రాత్రి ఖరక్‌ సింగ్‌ తలుపు కొట్టిన పోలీసూ ఓ ఉద్యోగే. రేపు మీరు ఎస్సై అవుతారు, తహసీల్దార్‌ అవుతారు, లేదా జనం కదలికలు లెక్కగట్టే యాప్‌కి కోడ్‌ రాస్తారు. అప్పుడు అవతలివాడి స్వేచ్ఛ మీ చేతిలో ఉంటుంది. దాని విలువ తెలియకుండా ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా?

అందుకే ప్రతి పీజీ కోర్సులోనూ దీనికో పేపర్‌ ఉండాలి. అయితే బిట్లు, గైడ్లతో కాదు. స్వేచ్ఛ గురించి బట్టీ పట్టించడం కంటే విడ్డూరం ఉండదు. మాస్టారు తన సొంత రాజకీయం నూరిపోసినా అంతే. మిల్‌తో పాటు ఆయన్ని తప్పుబట్టిన మార్క్సిస్టులనూ, గాంధీతో పాటు ఆయనతో విభేదించిన అంబేడ్కర్‌నూ చదివించాలి. మెజారిటీ తీర్పునూ, అసమ్మతి తీర్పునూ పక్కపక్కన పెట్టి ‘మీరైతే ఎటు?’ అని అడగాలి.

యూనివర్సిటీలు కదిలేదాకా ఆగక్కర్లేదు. ఖరక్‌ సింగ్‌ తీర్పు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నలుగురు రూమ్మేట్లు ఆదివారం ఓ గంట కూర్చోండి. మీకు నచ్చని పక్షం తీసుకుని వాదించండి. మెయిన్స్‌ వ్యాసానికీ, ఇంటర్వ్యూకీ అది అక్కరకొస్తుంది. అంతకన్నా ముఖ్యం, రేపు మీ టేబుల్‌ ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషికి అక్కరకొస్తుంది.