డిస్కు గుట్టు కెర్నెల్‌కెరుక

సర్వరు నెమ్మదించిందంటే మన పరిశ్రమలో ముందు వెతికేది కారణాన్ని కాదు, మనిషిని. ఆ మనిషి సముద్రానికి అవతల ఉంటే పని మరీ సులువు. ఇలాంటి తగాదాలు తీర్చగల సాక్షి కంప్యూటరులోనే, కెర్నెల్ లోపలే ఉంది. దాన్ని పిలిచి అడిగేవాళ్ళే తక్కువ. నా ఫిర్యాదు అదే.

కెర్నెలే ఎందుకంటారా? మన ప్రోగ్రాము ఒక ఫైలు చదివినంత మాత్రాన డిస్కు కదలాలని లేదు. అడిగిన పేజీ అప్పటికే మెమరీలో ఉంటే కెర్నెల్ అక్కణ్ణించే తీసి ఇచ్చేస్తుంది. రాతలూ అంతే. డేటా మెమరీలో పడగానే పని అయిపోయిందని ప్రోగ్రాము అనుకుంటుంది. అది డిస్కు చేరడానికి లినక్సు మామూలు అమరికలో 30 సెకన్లు కూడా పట్టవచ్చు. కాబట్టి ప్రోగ్రాము రాసుకున్న లాగు చూసి డిస్కు సంగతి తేల్చడమంటే, హోటల్లో బిల్లు పుస్తకం చూసి వంటింట్లో ఎన్ని సిలిండర్లు ఖర్చయ్యాయో చెప్పడం లాంటిది.

పోనీ కెర్నెల్ అట్టడుగున, డిస్కుకి ఆనుకుని ఉన్న బ్లాక్ లేయరు దగ్గర చూద్దామా? అక్కడ రాసేవాళ్ళ పేర్లు ఒకప్పుడు పీడీఫ్లష్, కేజర్నల్‌డీ అని కనబడేవి. ఇప్పుడు కేవర్కర్, జేబీడీ2 అని కనబడతాయి. వీళ్ళంతా మూటలు మోసే కూలీలు. మూట ఎవరిదో వీళ్ళ పేర్లను బట్టి తెలియదు.

2.6 కెర్నెళ్ళలో బ్లాక్ డంప్ అనే చిన్న సదుపాయం ఉండేది. లాప్‌టాప్ బ్యాటరీ ఆదా చేసుకునేవాళ్ళు తమ డిస్కుని ఎవరు నిద్ర లేపుతున్నారో కనిపెట్టడానికి వాడేవారు. ప్రాక్ డైరెక్టరీ కింద ఒక ఫైలులో 1 అని రాస్తే చాలు. ఏ ప్రాసెస్ ఏ బ్లాకు చదివిందో, ఏది రాసిందో, ఏ ఫైలు తాలూకు ఐనోడుని మార్చిందో పేర్లతో సహా కెర్నెల్ లాగులో పడేది. మూట ఎవరిదో చెప్పేది ఆ మూడో సమాచారమే.

2006లో నేను పనిచేసిన ఒకచోట రోజూ రాత్రి మూడింటికి ఒక సర్వరు డిస్కు రాతలతో ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆ వేళకి నడిచేది హైదరాబాదు టీము రాసిన రిపోర్టు ప్రోగ్రాము. ఇంకేం, తప్పు వాళ్ళదేనని ఇక్కడ తీర్మానమైపోయింది. రెండు వారాలు మెయిళ్ళు అటూ ఇటూ ఎగిరాయి. చివరికి బ్లాక్ డంప్ పెట్టి చూస్తే, ఐనోడులని వరసబెట్టి మారుస్తున్నది బ్యాకప్ ప్రోగ్రాము! అది రాస్తున్నది లేదు, ఫైళ్ళు చదువుతోందంతే. కానీ చదివిన ప్రతి ఫైలుకీ "చివరిసారి చదివిన సమయం" మారుతుంది, ఆ మార్పుని డిస్కు మీద రాయాలి. లక్షల ఫైళ్ళు, లక్షల మార్పులు. నోఎటైమ్ అనే మౌంట్ ఆప్షన్‌తో గొడవ సద్దుమణిగింది. 2009లో 2.6.30 కెర్నెల్ నుంచి రెలటైమ్ డిఫాల్టు అయ్యాక ఈ బాధ అందరికీ చాలావరకు తగ్గింది. హైదరాబాదుకి మాత్రం క్షమాపణ మెయిలు వెళ్ళినట్టు నాకు గుర్తులేదు.

అయితే ఇందులో ఒక తిరకాసుంది. ఆ లాగుని సిస్‌లాగ్ తీసుకెళ్ళి అదే డిస్కు మీద రాస్తే, ఆ రాత గురించి ఇంకో పంక్తి, దాన్ని రాసినందుకు మరో పంక్తి. కంచే చేను మేసినట్టు! అందుకే ముందు కేలాగ్‌డీని ఆపుకోమని కెర్నెల్ డాక్యుమెంటేషనే హెచ్చరించేది. 2006లో 2.6.17తో వచ్చిన బ్లాక్‌ట్రేస్ ఈ చిక్కుకి దారి చూపింది, నమోదుని నెట్‌వర్కు మీదుగా వేరే యంత్రానికి పంపవచ్చు. బ్లాక్ డంప్‌ని 2021లో 5.14 కెర్నెల్ నుంచి తీసేశారు. ఇప్పుడు ఈబీపీఎఫ్ మీద నడిచే బయోస్నూప్, బయోలేటెన్సీ లాంటి పనిముట్లున్నాయి.

పనిముట్లు మెరుగయ్యాయి కదా అని ప్రతి సర్వరులోనూ ప్రతి రాతనీ ఎల్లకాలం నమోదు చెయ్యాలనే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అది ఎలుక కోసం రోజూ కొండని తవ్వడమే. ఎప్పుడూ ఉండాల్సింది లెక్క, అవసరానికి పెట్టాల్సింది లాగు. బయోలేటెన్సీ చేసేది ఆ లెక్కే. ఒక్కో రాతనీ బయటికి పంపకుండా, ఎన్ని పనులకి ఎంతసేపు పట్టిందో కెర్నెల్ లోపలే కూడి, మొత్తం మాత్రం మన చేతికిస్తుంది. ఇక 2007 నుంచీ లినక్సులో ప్రతి ప్రాసెస్‌కీ ప్రాక్ కింద ఐఓ అనే ఫైలుంది. ప్రోగ్రాము ఎన్ని బైట్లు అడిగిందో, అందులో డిస్కు నుంచి నిజంగా తెచ్చినవెన్నో అందులో విడివిడిగా ఉంటాయి. మామూలు ఫైలు రాతలు కూడా కూలీ ఖాతాలో కాక, మూట గలవాడి ఖాతాలోనే పడతాయి. చూడటానికి ఒక్క నిమిషం చాలు.

ఈసారి మీ టీములో ఎవరైనా "అది ఫలానావాళ్ళ కోడే" అంటే, ఆ ఒక్క నిమిషం అడగండి. మెయిలు ఆ తరవాత రాయవచ్చు.