కాఠిన్య మొక్కటియే చాలునా?

అల్యూమినియము తేలికయైన లోహము. కాని రాపిడి కోర్వలేదు. సానరాళ్లయందు వాడెడి సిలికాను కార్బైడు మిక్కిలి గట్టిది. కాని దెబ్బకు పగులును. ఈ రెంటి పొడులను కలిపి, 30 మైక్రాన్ల యంత సన్నని పొరలుగా పరచి, పొరవెంట పొరను లేజరు కిరణముతో కరగించి యంత్రభాగములను నిర్మింపవచ్చునని ప్రయోగశాలలు చూపినవి. లోహపు పొడులతో నిట్టి లేజరు నిర్మాణమునందు హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థయు కృషి చేయుచున్నది.

కాని యీ పొత్తు తేలికగా కుదురునది కాదు. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. లేజరు తాకినచోట వేడిమి యంతకు మిక్కిలి మించుటచే, సిలికాను కార్బైడు కరగిన లోహముతో కలసి యల్యూమినియము కార్బైడును పుట్టించును. అది పెళుసు, తేమ తగిలిన శిథిలమగును. సిలికాను హెచ్చుగాగల మిశ్రమలోహమును వాడినచో నీ చేటు కొంత తగ్గును. అంతియకాక, చల్లారునపుడు రెండును సమముగా ముడుచుకొనవు గనుక నెఱ్ఱెలు పుట్టు భయమును గలదు.

ఇట్లుండ, కాఠిన్యము హెచ్చినదని మాత్రము చాటి సంతసించు నివేదికలు తఱచు కనబడుచున్నవి. వాదిపక్షపు సాక్షులను మాత్రమే విని తీర్పు చెప్పుట యెట్టిదో యిదియు నట్టిదే. విమానమునందో, బండి బ్రేకునందో యమర్చు భాగము పగులునకు నెంత యోర్చునో, లక్షల మారులు బరువు పడి లేచినను నిలుచునో లేదో ముందుగా తేల్చవలదా? ఆ లెక్కలు బయటపెట్టనిదే మనుష్యులెక్కు వాహనములలో నట్టి భాగముల నమర్పనీయరాదు.