కారు పందేలూ – నియమాలూ



మీరు బిళ్ళంగోడు ఆడబోయేముందు ఏం జరుగుతుంది? తగాదా జరుగుతుంది. బిళ్ళ గోడ అవతల పడితే అవుటా, కాదా? చిన్నవాడికి ఒక దెబ్బ ఎక్కువ ఇవ్వాలా, వద్దా? ఇవన్నీ తేలిన తరవాతనే ఆట మొదలవుతుంది. తేల్చుకోకుండా మొదలుపెట్టారో, ఆట సగంలోనే ఆగిపోతుంది. గోడు ఎవరిదైతే వాడు దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు!

సరిగా ఇదే తగాదా, కోట్లు ఖర్చుచేసి కారు పందేలు నడిపే పెద్దవాళ్ళ మధ్య కూడా నూరేళ్ళకు పైగా నడుస్తున్నది. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

పందెం చూసేవాళ్ళకు రెండు కోరికలుంటాయి. ఎవరు గెలిచేదీ చివరిదాకా తెలియకూడదు, అప్పుడే ఉత్సాహం. గెలిచినవాడు నిజంగా గెలవదగినవాడై ఉండాలి, అది న్యాయం. నియమాలు ఈ రెంటినీ కాపాడాలి. కాని ఒక్కొక్కప్పుడు ఈ రెండూ బండికి కట్టిన రెండెద్దుల్లాగా చెరొక వైపుకు లాగుతాయి. అప్పుడు ఏం చెయ్యాలి?

"ఫార్ములా వన్" అనే మాట మీరు వినే ఉంటారు. ఫార్ములా అంటే మీ లెక్కల పుస్తకంలో కనిపించే సూత్రం వంటిదే. పందేలలో దాని అర్థం, కార్లన్నీ లోబడి ఉండవలసిన నియమాల కట్ట అని. చూశారా, ఆ ఆట పేరులోనే నియమం ఉన్నది! ఈ ఫార్ములా ప్రకారం ప్రపంచ ఛాంపియన్ పోటీలు 1950లో ప్రారంభమైనాయి.

నియమాలు అంతకు ముందే ఉన్నాయి. 1906లో ఫ్రాన్సులోని ల మాన్ పట్టణం దగ్గర రోడ్లమీద, రెండు రోజులపాటు పెద్ద పందెం జరిగింది. కారు బరువు 1000 కిలోలు మించరాదని ఒక నియమం. దారిలో టైరు పగిలితే డ్రైవరూ, అతని పక్కన కూర్చున్న మెకానిక్కూ తప్ప మరెవరూ చెయ్యి వెయ్యరాదని ఇంకొక నియమం. ఆ రోజుల్లో పగిలిన టైరును కోసి తీసి, కొత్తది ఎక్కించేసరికి ప్రాణం పోయినంత పని అయ్యేది. రెనో కారు నడిపిన సిజ్ అనే అతను వెనక చక్రాలకు ఊడదీసి బిగించే అంచులు పెట్టించుకున్నాడు. టైరు పగిలితే పాత అంచు ఊడదీసి, టైరుతో సహా కొత్త అంచు బిగించటమే! కొన్ని కార్లు అప్పటికే 1000 కిలోలకు చేరువగా ఉండటంచేత, ఆ బరువైన అంచులు వాడుకోలేకపోయినాయి. సిజ్ గెలిచాడు. ఇది అన్యాయమా? కాదు. కొలత అందరికీ ఒకటే. దానిలోపల బుద్ధి ఉపయోగించినవాడు గెలిచాడు. మంచి నియమం బుద్ధికి అడ్డు రాదు, పని కల్పిస్తుంది.

బరువు సంగతే మరొకటి చెబుతాను. కారు ఎంత తేలికగా ఉంటే అంత త్వరగా వేగం అందుకుంటుంది. డ్రైవరు బక్కపలచనివాడైతే కారుకు లాభమన్నమాట. అందుచేత పొడుగాటి డ్రైవర్లు కడుపు మాడ్చుకోవలసి వచ్చేది. 2019లో ఫార్ములా వన్ వారు దీనికి ఒక ఉపాయం చేశారు. డ్రైవరూ, అతని సీటూ కలిసి కనీసం 80 కిలోలు తూగాలని అప్పుడు నిర్ణయించారు. తక్కువైతే ఆ లోటుకు సరిపడా దిమ్మలు సీటు దగ్గరే పెట్టాలి. తక్కెడలో తక్కువైన వైపున రాయి వేసినట్టే గదా! ఈ నియమంవల్ల చూసేవాళ్ళకు ప్రత్యేకంగా ఉత్సాహమేమీ కలగదు. అయినా ఇది మంచి నియమమే. పందెం గెలవటానికి ఎవరూ పస్తులుండనక్కరలేదు.

ఇక నియమంలోని సందు వెతికినవాళ్ళ కథ వినండి. మలుపులో వేగంగా వెళ్ళాలంటే కారు నేలను గట్టిగా పట్టుకోవాలి. 1978లో బ్రాభమ్ జట్టువారు తమ కారు వెనక పెద్ద ఫంకా ఒకటి అమర్చారు. అది కారు అడుగున ఉన్న గాలిని పీల్చి వెనక్కు వదిలేది. అడుగున గాలి తగ్గేసరికి పైన ఉన్న గాలి కారును నేలకు అదిమేది. గాలి ఒత్తిడికోసం కదిలే భాగాలు పెట్టరాదని అప్పటికే నియమం ఉన్నది. "ఇది ముఖ్యంగా ఇంజను చల్లబరచటానికి" అన్నారు జట్టువారు. ఫంకా ఇంజనును చల్లబరచిన మాట నిజమే. స్వీడన్‌లో జరిగిన పందెంలో నికీ లౌడా ఆ కారు నడిపి, 34 సెకండ్లకు పైగా తేడాతో గెలిచాడు. మిగతా జట్లు గగ్గోలు పెట్టాయి. గెలుపు గెలుపుగానే ఉన్నది గాని, ఆ కారు మళ్ళీ పందెంలో దిగలేదు. తరవాత అటువంటి ఫంకాలకు దారి లేకుండా చేశారు. అట్లా చెయ్యకపోతే ప్రతి జట్టూ ఫంకా పెట్టేది. మలుపుల్లో వేగం ప్రమాదకరంగా పెరిగేది.

ఉత్సాహం తగ్గిపోతే ఏం చెయ్యాలి? ఫార్ములా వన్ కార్లకు ముందూ వెనకా రెక్కలుంటాయి. విమానం రెక్క పైకి లేపితే, ఇవి తిరగవేసిన రెక్కలు గనక కిందికి అదుముతాయి. కాని ముందుపోయే కారు గాలిని చెదరగొడుతుంది. ఆ చెదిరిన గాలిలో వెనక కారు రెక్కలు సరిగా పని చెయ్యవు. మలుపుల్లో పట్టు జారుతుంది. అందుచేత వెనకవాడు వేగం గలవాడైనా ముందువాణ్ణి దాటలేక వెంటపడి పోతూ ఉండేవాడు. పందెం ఊరేగింపులాగా తయారయింది. దీనికోసం 2011నుంచి 2025దాకా ఒక నియమం పెట్టారు. ముందు కారుకు ఒక్క సెకండు దూరంలోకి వచ్చినవాడు, కొన్ని తిన్నని దారుల్లో తన వెనక రెక్కలోని పలక తెరవవచ్చు. గాలి అడ్డు తగ్గి కారు దూసుకుపోతుంది. "ముందున్నవాడు చేసిన నేరమేమిటి? వాడికి ఎందుకు లేదు?" అని కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఈ చుట్టులో ముందున్నవాడు వచ్చే చుట్టులో వెనక ఉండవచ్చు. అప్పుడు వాడికీ ఆ హక్కు వస్తుంది.

విద్యుత్తుతో నడిచే కార్ల పందేలు "ఫార్ములా ఈ". 2023 ఫిబ్రవరి 11న ఆ పందెం మన హైదరాబాదులోనే, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఈ పందేలలో రెండు చిత్రమైన నియమాలు వచ్చాయి. మొదటిది, చూసేవాళ్ళు ఓట్లు వేసేవారు. ఎక్కువ ఓట్లు వచ్చిన కొద్దిమంది డ్రైవర్లకు కొంతసేపు అదనపు శక్తి! రెండవది, డ్రైవరు మంచి దారి వదిలి, పక్కన గుర్తుపెట్టిన చోటిమీదుగా కారు పోనివ్వాలి. దానివల్ల కొంచెం వెనకపడతాడు. బదులుగా కొన్ని నిమిషాలు అదనపు శక్తి వస్తుంది. ఎప్పుడు వెళ్ళాలో అతనే తేల్చుకోవాలి.

రెండు నియమాలవల్లా ఉత్సాహం పెరుగుతుంది. కాని తేడా చూశారా? ఒకదానిలో లాభం పేరుప్రతిష్ఠలకు దక్కుతుంది. మరొకదానిలో తెలివితేటలకు దక్కుతుంది. ఓట్ల నియమాన్ని 2022-23 పోటీలనుంచి తీసివేశారు. హైదరాబాదులో పందెం జరిగేనాటికి అది లేదు. రెండవది మిగిలింది.

ఇప్పుడు అన్నిటికన్న పెద్ద తగాదా. 2021లో ఫార్ములా వన్ చివరి పందెం అబూ దాబీలో జరిగింది. అప్పటికి లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్స్టాపెన్ ఇద్దరికీ సమానంగా 369న్నర పాయింట్లు! ఆ అర ఎక్కడిది? బెల్జియంలో జోరున వాన కురిసి, అసలు పోటీయే లేకుండా కొద్ది చుట్లతో ముగించి, సగం పాయింట్లు పంచారు. ఆ అర అక్కడిది.

అబూ దాబీలో మొత్తం 58 చుట్లు. హామిల్టన్ చాలా ముందున్నాడు. 53వ చుట్టులో వేరొక కారు గోడకు కొట్టుకున్నది. ఇట్లాంటప్పుడు సేఫ్టీ కారు అనేది ముందుకు వస్తుంది. అందరూ దాని వెనక మెల్లగా, వరసగా పోవాలి. ఎవరూ ఎవరినీ దాటరాదు. దానివల్ల ముందువాడు సంపాదించుకున్న దూరం పోతుంది. అయినా, దారి శుభ్రంచేసే మనుషుల ప్రాణాలకోసం ఆ నష్టానికి అందరూ ముందే ఒప్పుకున్నారు. ఈలోగా వెర్స్టాపెన్ కొత్త టైర్లు వేయించుకుని వచ్చాడు. హామిల్టన్‌వి అరిగిన టైర్లు. ఇద్దరి మధ్య, ఒక చుట్టు వెనకపడిన కార్లు అయిదున్నాయి.

అధికారికి రెండు దారులున్నాయి. వెనకపడిన కార్లను అట్లాగే ఉంచి పందెం మొదలుపెట్టవచ్చు. లేదా వాటన్నిటినీ ముందుకు పోనిచ్చి, మరొక చుట్టు ఆగవచ్చు. అట్లా చేస్తే సేఫ్టీ కారు వెనకనే పందెం ముగిసిపోతుంది. ఆయన మూడో దారి తొక్కాడు. ఆ అయిదింటిని మాత్రమే పోనిచ్చి, ఆ మరొక చుట్టు ఆగకుండా పందెం వదిలాడు. ఒక్క చుట్టు మిగిలింది. వెర్స్టాపెన్ హామిల్టన్‌ను దాటి, ప్రపంచ ఛాంపియన్ అయినాడు.

అంత ఉత్సాహకరమైన చుట్టు అరుదు. అంత తగాదా పడిన చుట్టూ అరుదే. వెర్స్టాపెన్ తప్పేమీ లేదు. దారి ఇచ్చారు, పోయాడు. 2022లో విచారణ నివేదిక వచ్చింది. అధికారి సదుద్దేశంతోనే చేశాడనీ, అయినా అది పొరపాటేననీ తేల్చింది. ఫలితం మాత్రం మారలేదు. నియమంలో "ఏవైనా కార్లు" అని అర్థమిచ్చే మాట ఉండగా, దాన్ని తీసి "అన్ని కార్లు" అని రాశారు. ఒక్క మాట! మీ మాస్టర్లు వ్యాకరణం దగ్గర ఎందుకు పట్టుపడతారో ఇప్పుడు తెలిసిందా?

కాబట్టి ఏ నియమాన్నయినా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఆటకు ముందే అందరికీ తెలుసా? అందరికీ ఒకటేనా? గెలుపు ఆడేవాడి చేతిలోనే ఉన్నదా? మూడింటికీ "అవును" అని వస్తే, ఆ నియమం ఎంత విచిత్రమైనదైనా న్యాయమైనదే. ఉత్సాహం ఎంత కావాలన్నా నియమంలో ముందుగానే కలుపుకోవచ్చు. ఆట మధ్యలో కలిపితే, ఆ ఒక్క పూట ఉత్సాహం కోసం ఆటమీది నమ్మకాన్ని అమ్ముకున్నట్టే.

ఇక మీకొక పని. మీ బడిలో పరుగుపందెం పెడుతున్నారనుకోండి. రాముడు అంటాడు: "పోయిన ఏడు గెలిచినవాడు పది అడుగులు వెనకనుంచి పరుగెత్తాలి." సీత అంటుంది: "ఎవరికి ఎక్కువ చప్పట్లు వస్తే వాళ్ళు పది అడుగులు ముందు నిలబడాలి." గోపి అంటాడు: "సగం పరుగెత్తాక, ముందున్నవాణ్ణి మాస్టారు ఒక్క క్షణం ఆపాలి, ఆపేదీ లేనిదీ అప్పుడే చెప్పాలి."

మూడు ప్రశ్నలూ ఒక్కొక్కదానికీ వేసి చూడండి. రాముడి మాట దగ్గర మీలో మీకే తగాదా వస్తుంది. రానివ్వండి. పందెం మొదలుకాకముందే తేల్చుకోండి.